రిగ్గు లేచిపోయింది.. ఇప్పుడు నేనెటు పోవాలి?

ఈ వారం ఉత్తరం కల్వకుర్తి దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చింది. పేరు రాయొద్దన్నాడు, రాయను. వయసు ముప్పై నాలుగు, ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాడు, ఇద్దరు పిల్లలు. చదువయ్యాక కొన్నాళ్లు బోరు బండి మీద పనిచేసి, తెలిసినాయన చెబితే ఆయిల్ రిగ్గు (చమురు, గ్యాస్ బావులు తవ్వే యంత్రం) మీద చేరాడు. ఆయిల్ కంపెనీ ఉద్యోగం కాదు, ఆయిల్ కంపెనీలకు రిగ్గులు అద్దెకిచ్చే ఒక కాంట్రాక్టు కంపెనీలో. మొదట తమిళనాడులో తిరువారూరు వైపు, ఆ తర్వాత కోనసీమలో. కింద నేల మీద పైపులు బిగించే పనితో మొదలై ఇప్పుడు టాప్‌మ్యాన్. అంటే డెరిక్ అనే ఎత్తైన ఇనుప గోపురం పైన, మంకీ బోర్డు అనే పలక మీద నడుముకు బెల్టు కట్టుకుని నిలబడి, కింది నుంచి లేచొచ్చే పైపును పట్టుకుని వరుసలో నిలబెట్టేవాడు. "వానలో ఆ పైపుకు అంటుకున్న మడ్డు (తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురద) చేతికి జారుతుంటే దేవుడా అనుకునేవాణ్ణి అన్నా, కానీ జీతం పడిందని ఫోన్ మోగితే అన్నీ మరిచిపోయేవాణ్ణి" అని రాశాడు.

తొమ్మిదేళ్లు ఇలా గడిచాయి. 2020లో తమిళనాడు ప్రభుత్వం కావేరి డెల్టాలో కొత్త బావులు వద్దని చట్టం చేయడంతో రిగ్గు విప్పేసి కోనసీమకు తెచ్చారు. ఇక్కడ ఒక్కో సైటులో ఒక్కో గొడవ. రోడ్లు పాడవుతున్నాయని ఒకరు, మా ఊరి పిల్లలకే పని ఇవ్వాలని ఇంకొకరు లారీలకు అడ్డం పడేవారు. మొన్న కాంట్రాక్టు గడువు అయిపోయింది, కొత్తది రాలేదు. రిగ్గును యార్డులో పెట్టి, మూడు నెలలు సగం జీతం ఇచ్చి, "ఇంటికి పోండి, పనుంటే పిలుస్తాం" అన్నారట. ఇంటి లోను కిస్తీ నెలకు పద్నాలుగున్నర వేలు. ఒక ఏజెంటు రెండు లక్షలిస్తే సౌదీలో రిగ్గు పని ఇప్పిస్తానంటున్నాడు. బావమరిది ఆరు లక్షలు పెడితే బోరు బండిలో వాటా ఇస్తానంటున్నాడు.

ఇదంతా ఒక ఎత్తు. అసలు ముల్లు ఉత్తరం చివర్లో ఉంది. ఒకరోజు అన్నం తింటూ "ఆ రైతులు అడ్డం పడే మా పొట్ట కొట్టారు" అన్నాడట. భార్యది అమ్రాబాద్ మండలం. "మా ఊళ్లో యురేనియం బోర్లు వేస్తామంటే నువ్వు వచ్చి ధర్నాలో కూర్చోలేదా? అప్పుడు ఆ బోర్లు వేసేవాళ్ల పొట్ట ఎవరు కొట్టారు?" అని అడిగిందామె. అప్పటి నుంచి ఇద్దరి మధ్య మాటలు అంతంత మాత్రం. "తప్పెవరిది అన్నా, నేనిప్పుడు ఏం చేయాలి?" అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, నువ్వు రెండు ప్రశ్నలను ఒకే ముడి వేశావు. నా పని ఎట్లా పోయింది అన్నది ఒకటి, ఇప్పుడు బతుకుదెరువు ఏంటి అన్నది రెండోది. మొదటిదానికి జవాబు తప్పుగా అనుకుంటే రెండోదానికి కూడా తప్పు దారిలోనే పోతావు. అందుకే ముందు దాన్ని విప్పుకుందాం.

తమిళనాడు చట్టం చేసిందేంటో ఒకసారి చూడు. 2020 ఫిబ్రవరిలో తంజావూరు, తిరువారూరు, నాగపట్టణం జిల్లాలను, కడలూరు, పుదుక్కోట్టై జిల్లాల్లో కొన్ని బ్లాకులను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటించారు. అక్కడ కొత్తగా చమురు, గ్యాస్, బొగ్గుపొర మీథేన్, షేల్ గ్యాస్ కోసం వెతకడం, తవ్వడం కుదరదు. అంతకుముందు నుంచే నడుస్తున్న పనులను మాత్రం ఆపలేదు. 2017లో నెడువాసల్‌లో, కతిరామంగళంలో ఈ తవ్వకాలు వద్దని జనం నెలల తరబడి కూర్చున్న తర్వాత వచ్చిన చట్టం ఇది. నువ్వప్పుడు ఆ పక్కనే ఉన్నావు, నాకంటే నీకే బాగా తెలియాలి.

అంటే ఆ చట్టం పాత బావులను మూయలేదు, రాబోయే బావులను ఆపింది. నీ ఉద్యోగమేమో సరిగ్గా రాబోయే బావుల మీదే ఉంది. పెళ్లింటికి వంటమేస్త్రీల గుంపు వస్తుంది, రెండు రోజులు పొయ్యిలు మండుతాయి, పెళ్లయ్యాక ఆ ఇంట్లో రోజూ వండేది ఒక్కరే. డ్రిల్లింగ్ వాళ్లు ఆ వంటమేస్త్రీలు. రిగ్గు ఎక్కడ నిలబడితే అక్కడ పదుల మందికి పని, చుట్టూ క్రేన్లు, ట్యాంకర్లు, మెస్సు, అద్దె గదులు. బావి పూర్తయ్యాక గ్యాస్ పైపులోకి పోతుంది, దాన్ని చూసుకోవడానికి గ్యాస్ కలెక్టింగ్ స్టేషన్లో షిఫ్టుకు కొద్దిమంది చాలు. మీతోపాటు పనిచేసి స్టేషన్‌కు మారిన కుంభకోణం దోస్తు ఇంకా అక్కడే ఉన్నాడని రాశావు కదా. అతని అదృష్టమేమీ కాదది. అతను ఉన్న బావి పాతది, నువ్వు తవ్వబోయే బావి కొత్తది, అంతే తేడా.

మరి కోనసీమలో ఏ చట్టమూ రాలేదు కదా, అక్కడెందుకు ఆగింది? ఇదే నువ్వు ఆలోచించాల్సింది. అక్కడ రైతులు లారీలు ఆపారు నిజమే, కానీ నీ ఉత్తరంలోనే ఉంది చూడు, "కాంట్రాక్టు గడువు అయిపోయింది, కొత్తది రాలేదు" అని. రిగ్గు పనంటేనే టెండరు పని. ఆయిల్ కంపెనీ ఎన్ని బావులు తవ్వాలనుకుంటే అన్ని రిగ్గులు అద్దెకు తీసుకుంటుంది, వద్దనుకున్న రోజు వదిలేస్తుంది. 2014 మధ్యలో పీపా వంద డాలర్ల పైన ఉన్న ముడిచమురు 2016 జనవరికి ముప్పై డాలర్ల లోపుకు పడింది. అప్పుడు ప్రపంచమంతటా రిగ్గులు యార్డులకు చేరాయి, అడ్డం పడ్డ రైతు ఒక్కడూ లేడు. నీకంటే ముందు చేరిన సీనియర్లను అడుగు, ఆ రోజులు కథలు కథలుగా చెబుతారు.

కాబట్టి నీ పొట్ట కొట్టింది ఫలానావాళ్లని ఒక్క వేలు చూపించడం కుదరదు. తమిళనాడులో చట్టం ఒక దారి మూసింది. కోనసీమలో టెండరు మూసింది, స్థానికుల కోపం దానికి తోడైంది.

ఆ కోపాన్ని కూడా కొట్టిపారేయకు. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడిలో బావి బ్లోఔట్ అయి, అంటే లోపలి గ్యాస్ అదుపు తప్పి ఎగదన్ని, రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో అక్కడే నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు, తెల్లవారుజామున టీ పెట్టుకోబోయిన ఊరది. ఆ మనుషుల ముందుకు నువ్వు హెల్మెట్ పెట్టుకుని పోయి "ఏమీ కాదు" అంటే ఎట్లా నమ్ముతారు? పైగా నేల మీది చమురుకు లీజు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం, కేంద్రం ముందస్తు ఆమోదంతో. రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది, గ్యాస్ పైపుల్లో ఎక్కడికో పోతుంది. పక్కన కొబ్బరితోట ఉన్న రైతుకు మిగిలేది గుంతలు పడ్డ రోడ్డు, రాత్రంతా జనరేటర్ల మోత. అతను "మా పిల్లలకైనా పనివ్వండి" అనడంలో అన్యాయం నాకు కనబడదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిశ్రమల్లో డెబ్బై ఐదు శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం కూడా చేసింది. నువ్వు తెలంగాణ పిలగాడివి, అక్కడ బయటివాడివి. బాధగానే ఉంటుంది, కానీ నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లం మనం. మా నియామకాలు మాకే అన్న మాట మన నోట న్యాయం, కోనసీమ పిల్లల నోట అన్యాయం ఎట్లా అవుతుంది?

ఇక మీ ఆవిడ అన్న మాట. 2019లో అమ్రాబాద్ అడవిలో యురేనియం కోసం వేల బోర్లు వేసి వెతుకుతామంటే నల్లమల మొత్తం లేచింది, ఆ సెప్టెంబరులో అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. అంతకు చాలా ఏళ్ల ముందే నల్గొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు దగ్గర ఇదే లొల్లి నడిచింది. అప్పుడు అక్కడ డ్రిల్లింగ్ పనికి వచ్చిన కుర్రాళ్లు కూడా ఎక్కడో ఎవరి ఇంటికో కిస్తీలు కట్టుకునేవాళ్లే. వాళ్లను నువ్వు పట్టించుకోలేదు. పట్టించుకోవాలని నేననను, అత్తగారి ఊరి నీళ్ల కోసం కూర్చున్నావు, మంచి పనే చేశావు. ఆవిడ నిన్ను దెప్పలేదు తమ్ముడూ, నువ్వు రెండు చోట్లా ఉన్నావని గుర్తు చేసింది అంతే. రిగ్గు మీద ఉన్నప్పుడు కూలీవి, ఊళ్లో ఉన్నప్పుడు రైతు కొడుకువి, ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం మన పాలమూరోళ్లకు కొత్త కాదు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా పోయి మట్టి మోసినవాళ్లు మనవాళ్లే. ఆ డ్యాముల కింద మునిగిన ఊళ్లూ ఉన్నాయి, అక్కడి జనం మనల్ని ఎట్లా చూసి ఉంటారో ఎప్పుడైనా అనుకున్నామా?

సరే, ఇక బతుకుదెరువు సంగతి. ఏ దారి పట్టే ముందైనా కాగితాలు చూసుకో. "పనుంటే పిలుస్తాం" అన్నారంటే నిన్ను తీసేశారా, లేఆఫ్‌లో (ఉద్యోగం ఉంచి, పని లేక కొన్నాళ్లు ఆపడం) ఉంచారా? ఈ తేడా మీద చాలా డబ్బు ఆధారపడి ఉంటుంది. హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడుగు. వాళ్లు "రాజీనామా ఇస్తే సెటిల్‌మెంట్ తొందరగా చేస్తాం" అంటే అక్కడికక్కడే సంతకం పెట్టకు. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన మనిషిని పని లేదని తీసేస్తే పూర్తయిన ప్రతి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. నువ్వే రాజీనామా చేస్తే ఆ పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది. గ్రాట్యుటీ వేరే. ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు దాటితే రాజీనామా చేసినా అది రావాలి. కాకపోతే కాంట్రాక్టు కంపెనీలు మధ్యలో పేరు మార్చి కొత్త ఆర్డరు ఇస్తుంటాయి, నీ అపాయింట్‌మెంట్ కాగితాలు, పాత పే స్లిప్పులు తీసి అన్నిటి మీదా ఒకే పేరు ఉందో లేదో చూడు. పేరు మారి ఉంటే లేబర్ కేసులు చూసే వకీలుకు ఒకసారి చూపించు. రిగ్గు పని గనుల కిందికి, చమురు కేంద్రం కిందికి వస్తుంది, కాబట్టి ఫిర్యాదు చేయాల్సి వస్తే అది కేంద్ర లేబర్ కమిషనర్ ఆఫీసుకు పోతుంది, మన జిల్లా లేబర్ ఆఫీసుకు కాదు.

పీఎఫ్ డబ్బు తీసి కిస్తీలు కడదామన్న ఆలోచన ఉన్నట్టుంది, ఉత్తరంలో సగం చెప్పి వదిలేశావు. తొందరపడకు. పీఎఫ్ పెన్షన్‌కు హక్కు రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. నీకు తొమ్మిదయ్యాయి. ఇప్పుడు పెన్షన్ సొమ్ము కూడా ఊడ్చేస్తే ఆ తొమ్మిదేళ్లు లెక్కలోంచి పోతాయి. నిజంగా ఊపిరాడకపోతే పీఎఫ్ భాగంలో కొంత అడ్వాన్సు తీసుకో, పెన్షన్ భాగం జోలికి పోకు.

ఇప్పుడు సౌదీ. అక్కడ నీ పనికి విలువ ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఇక్కడ ప్రభుత్వ నిర్ణయాలతో విసిగి అక్కడికి పోదామనుకుంటున్నావు చూడు, అదొక్కటే నాకు నవ్వు తెప్పించింది. 2024 జనవరిలో సౌదీ ప్రభుత్వం ఉత్పత్తి సామర్థ్యాన్ని రోజుకు కోటీ ముప్పై లక్షల పీపాలకు పెంచే పని ఆపి, కోటీ ఇరవై లక్షల దగ్గరే ఉండమని తన చమురు కంపెనీ ఆరామ్‌కోకు చెప్పింది. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే సముద్రంలోని రిగ్గులను వరుసగా పక్కన పెట్టారు, వాటి మీది మనుషులు ఇళ్లకు పోయారు. అక్కడ ధర్నా లేదు, అసెంబ్లీ తీర్మానం లేదు, ఒక్క మాటతో అయిపోయింది. పైగా సొంత దేశంవాళ్లకే ముందు ఉద్యోగాలన్న నితాఖత్ విధానం 2011 నుంచి నడుస్తూనే ఉంది. అంటే కోనసీమలో నువ్వు విన్న మాటే అక్కడ చట్టంగా ఉంది.

అయినా పోవాలనుకుంటే పో, తప్పేం లేదు. కానీ ఆ ఏజెంటుకు రెండు లక్షలు ఇవ్వకు. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోవాల్సింది ముప్పై వేలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి కాదు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో అతని లైసెన్సు ఉందో లేదో చూసుకో. నువ్వు పదో తరగతి దాటావు కాబట్టి నీ పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు (పని కోసం బయటి దేశం పోయే ముందు ప్రభుత్వం చూసి ఇచ్చే అనుమతి) అవసరం పడదు. చాలామంది దీన్ని సులువు అనుకుంటారు, నేనైతే ఒక తనిఖీ తగ్గింది అనుకుంటాను. అందుకే ఆఫర్ లెటర్లో కంపెనీ పేరు, పోస్టు పేరు, ఎన్ని రోజుల డ్యూటీకి ఎన్ని రోజుల సెలవు, టికెట్ ఎవరిది, రిగ్గు ఆగితే ఎన్ని నెలల జీతం అన్నవి నువ్వే చదువుకోవాలి. హైదరాబాద్‌లో విదేశీ ఉద్యోగాలు చూపించే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, ఒకసారి అక్కడా అడుగు.

బావమరిది బోరు బండి. ఇది విన్నప్పుడు నాకు ముందు ముచ్చటేసింది, తర్వాత భయమేసింది. ముచ్చట ఎందుకంటే రిగ్గు లారీ, కంప్రెసర్ లారీ రెండూ ఉన్న బండికి డీజిల్ ఇంజన్ తెలిసిన వాటాదారు దొరకడం మామూలు విషయం కాదు, కంప్రెసర్ మొరాయిస్తే సీజను మధ్యలో నాలుగు రోజులు పోతాయి. భయం ఎందుకంటే ఈ పని కూడా పాలసీల మీదే నడుస్తుంది. 2018 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు ఇచ్చారు, బోర్లు పెరిగాయి. కల్వకుర్తి ఎత్తిపోతల కాలువ నీళ్లు అందిన ఊళ్లలో భూమిలో నీరు పైకొచ్చి కొత్త బోర్ల గిరాకీ తగ్గుతుంది. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం కింద బండికి రిజిస్ట్రేషన్ ఉండాలి, బోరుకు అనుమతి ఉండాలి. అది లేకుండా రాత్రికి రాత్రి వేసి పట్టుబడితే బండి సీజ్ అయ్యేది వాటాదారులందరిదీ. మంచి వానలు పడ్డ ఏడాది ఊరంతా సంతోషంగా ఉంటే బోరు బండివాళ్లే దిగాలుగా ఉంటారు. ఇంకొకటి, బోరు ఫెయిలైతే రైతు మొహం చూసి ఫీటుకింత అని డబ్బు అడగడం నీవల్ల అవుతుందా? ఐదొందల అడుగులు దిగినా దుమ్మే వచ్చిన చేను గట్టున, కొబ్బరికాయ కొట్టిన చోటే ఆ ఇంటాయన కూలబడి ఉంటాడు. అతను బాకీ పెడతాడు, తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే బండ్లవాళ్లేమో రేటు తగ్గించి పోటీకి వస్తారు. ఆరు లక్షలు ఎక్కడి నుంచి తెస్తావో కూడా రాయలేదు. బంగారం పెట్టి తెచ్చేదైతే ఒక సీజను జీతానికి పనిచేసి, లెక్కల పుస్తకం కళ్లారా చూసి, అప్పుడు వాటా సంగతి మాట్లాడు.

నువ్వు అడగని దారి ఒకటుంది. డ్రిల్లింగ్ పోయినంత మాత్రాన చమురు పని పోలేదు. మన దేశం వాడే ముడిచమురులో ఎనభై ఐదు శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది, అందుకే కేంద్రానికి ఇక్కడ తవ్వాలని తొందర ఎక్కువ, ఏ రాష్ట్రంలో కోపం వచ్చినా ఇంకోచోట పని తెరుచుకుంటుంది. గుజరాత్‌లో అంక్లేశ్వర్, మెహసానా, రాజస్థాన్‌లో బాడ్మేర్, పైన అస్సాం. పాత బావులున్న చోట, వాటిని బాగుచేసే వర్క్ఓవర్ రిగ్గులకు ఎప్పుడూ పని ఉంటుంది, ఎందుకంటే ముసలి బావులకు మరమ్మతులు ఎక్కువ. కొత్త బావులు వద్దన్నచోట కూడా పాత బావి బాగు చేయాల్సిందే కదా. జీతం కొంచెం తగ్గొచ్చు, పని మాత్రం గట్టిది. సముద్రంలోని బావులకు లీజు ఇచ్చేది కేంద్రమే, పంచాయతీ గొడవలు తక్కువ. కాకినాడ తీరానికి దూరంగా లోతు నీళ్ల బ్లాకులో 2024 జనవరిలో చమురు తీయడం మొదలైంది. అటు పోవాలంటే హెలికాప్టరు నీళ్లలో పడితే బయటపడే శిక్షణ కావాలి. దానికి తోడు వెల్ కంట్రోల్ (బావి అదుపు తప్పకుండా చూసుకోవడం) సర్టిఫికెట్ చేసుకో, అది కంపెనీ పేరు మీద కాక నీ పేరు మీద ఉంటుంది. టాప్‌మ్యాన్‌గా ఇంకో పదేళ్లు ఆ బోర్డు మీద నిలబడలేవు, మోకాళ్లు ఒప్పుకోవు. రిగ్గు నడిపే డ్రిల్లర్ దారిలో పడాలంటే ఇదే సమయం. ఏజెంటుకు ఇద్దామనుకున్న దాంట్లో కొంత దీనికి పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఇంటి దగ్గరే ఉండాలనుకుంటే చమురు మాట మరిచిపో. మన కింద ఉన్నది గ్రానైటు, పాతాళం దాకా తవ్వినా రాయే. కానీ పంపులు, కంప్రెసర్లు, డీజిల్ ఇంజన్లు అన్నిచోట్లా ఉన్నాయి. దామరచర్ల థర్మల్ ప్లాంటు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, జడ్చర్ల పోలేపల్లి ఫార్మా, ఎల్లూరు, గుడిపల్లిగట్టు ఎత్తిపోతల పంప్‌హౌజులు. ఇవీ చాలావరకు కాంట్రాక్టు పనులే, జీతం నీకు అలవాటైన దానికంటే బాగా తక్కువతో మొదలవుతుంది, కిస్తీ కట్టాక చేతిలో పెద్దగా మిగలదు. దానికి బదులు రోజూ రాత్రి ఇంట్లో అన్నం తింటావు. ఈ బేరం లాభమా నష్టమా అన్నది లెక్కల్లో తేలదు, పిల్లలు ఏ క్లాసులో ఉన్నారో, నాన్న ఒంట్లో ఎట్లా ఉందో, వాటి మీద తేలుతుంది. మూడెకరాలు ఆయన ఒక్కడే ఎన్నాళ్లు చూసుకోగలడు?

నా వరకైతే సౌదీ కంటే వర్క్ఓవర్ వైపు, బోరు వాటా కంటే బోరు జీతం వైపు మొగ్గు. అది నా మొగ్గు, కిస్తీ కట్టేది నువ్వు. బ్యాంకుకు పోయి ఆర్నెల్లు కిస్తీ తగ్గించి గడువు పెంచమని అడుగు, ఒక్క కిస్తీ కూడా ఎగ్గొట్టకముందే అడిగితే మేనేజరు వింటాడు, ఎగ్గొట్టాక పోతే గొంతు మారుతుంది.

ఇవన్నీ మీ ఆవిడతో కూర్చుని మాట్లాడు. ఆ రోజు మాట మీద క్షమాపణలేవీ అక్కర్లేదు, "నువ్వన్నది నిజమే, నేను రెండు వైపులా ఉన్నా" అంటే చాలు. బావమరిది దగ్గరికి పోయేటప్పుడు మాత్రం ఆమెను వెంట తీసుకుపో. పోయిన సీజనులో ఎన్ని బోర్లు వేశారు, ఎంత బాకీ ఉంది, బండి మీద ఫైనాన్సు ఎంత అని నువ్వడిగితే తగువవుతుంది, అక్క అడిగితే తమ్ముడు పుస్తకం తీస్తాడు.